గోడమీద పూచిన నీటిపూలు: సెగెడ్ నగరంలోని రెయొక్ భవనము

ఇల్లు కట్టించుకొనేవాడు ఇంటి ముఖము మీద తనకు ఇష్టమైన బొమ్మ వేయించుకొంటాడు. అందులో వింత ఏమీ లేదు. కాని, నీటి వలన ఒకసారి సర్వనాశనమైన ఊరిలో, ఆ నాశనాన్ని మరువని తరమువారి మధ్య, ఒక పెద్దమనిషి తన భవనము నిండా అలలూ, నీటిపూలూ వేయించినాడంటే, ఆ సంగతి కొంచెం ఆగి ఆలోచింపదగినదే. ఆ ఊరు హంగరీ దేశములోని సెగెడ్. ఆ భవనము 1907లో పూర్తి అయిన రెయొక్ భవనము. దానిని కట్టించిన రెయొక్ ఇవాన్ ధనికుడు మాత్రమే కాదు, నదులతో పని చేసిన నీటి ఇంజనీరు.

ఇక్కడ పేర్లను గురించి ఒక చిన్నమాట చెప్పవలసి ఉన్నది. హంగరీవారు కూడ మనవలెనే ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత వ్రాస్తారు. కనుక ఈ వ్యాసములో హంగరీవారి పేర్లన్నీ ఆ వరుసలోనే ఉంటవి.

సెగెడ్ అనే పేరు విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు కొత్త కాకపోవచ్చును. విటమిన్ సి మీద పరిశోధన చేసి, సెగెడ్‌లో విరివిగా దొరికే ఎర్రమిరప జాతి కాయలనుండి దానిని పెద్ద మొత్తాలలో తీసిన సెంట్‌జోర్జి ఆల్బెర్ట్ ఈ నగరపు విశ్వవిద్యాలయములోనే పని చేసినాడు. ఆయనకు 1937లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇప్పుడు మనము చూడబోయేది అదే నగరములోని మరొక విశేషము.

నదిని కురచ చేసిన కథ

సెగెడ్ నగరము దేశానికి దక్షిణపు అంచున, తిసా నది ఒడ్డున ఉన్నది. మారోష్ అనే మరొక నది వచ్చి తిసాలో కలిసేది కూడ ఇక్కడనే. చుట్టూ పళ్ళెమువంటి చదునునేల. చదునునేలలో నది తిన్నగా పారదు. పామువలె మెలికలు తిరుగుతుంది. వానకాలములోను, మంచు కరిగే కాలములోను గట్లు దాటి పరచుకొంటుంది.

19వ శతాబ్దములో ఈ నదిని అదుపులో పెట్టవలెనని పెద్ద ప్రయత్నము జరిగినది. సేచెని ఇష్త్వాన్ అనే రాజనీతిజ్ఞుడు పూనుకొనగా, వాషార్‌హెయి పాల్ అనే ఇంజనీరు పథకము వేసినాడు. 1846లో పని మొదలైనది. మెలికల మెడలవద్ద అడ్డముగా కాలువలు త్రవ్వి, నీటిని తిన్నని దారిలోకి మళ్ళించినారు. రెండు వైపులా కరకట్టలు పోసినారు. దీని ఫలితముగా సుమారు 1,420 కిలోమీటర్లున్న నది పొడవు 966 కిలోమీటర్లకు తగ్గినది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. నది పుట్టినచోటు ఎత్తు మారలేదు, కలిసేచోటు ఎత్తు మారలేదు. దారి మాత్రము సుమారు మూడవ వంతు తగ్గినది. అనగా సగటు వాలు దాదాపు ఒకటిన్నర రెట్లు పెరిగినదన్నమాట. వాలు పెరిగితే నీటి వేగము పెరుగుతుంది. పైగా, పూర్వము పొలాలలో పరచుకొని నిలిచే వరదనీరు ఇప్పుడు రెండు కట్టల మధ్య ఇరుకున పడి, ఎత్తుగా లేస్తుంది. ఎగువన పని ముందు జరిగి, దిగువన కట్టలు అంత బలముగా లేకపోతే ఏమవుతుంది? ఎగువనుండి త్వరగా వచ్చే నీరంతా దిగువనున్న ఊరిమీదికి వస్తుంది. ఆ ఊరు సెగెడ్.

1879 మార్చి

1879 మార్చి నెలలో తిసా పొంగినది. 5వ తేదీన నగరానికి ఎగువన పెత్రెష్ అనేచోట కట్ట తెగి, నీరు నగరము వెనుకనున్న పల్లపు నేలను నింపినది. నగరానికీ ఆ నీటికీ మధ్య మిగిలినది లోపలి కట్టలు, రైలుకట్ట మాత్రమే. కూలీలు, సైనికులు, పట్టణవాసులు రేయింబవళ్ళు వాటిని కాపాడినారు. ఒక వారము గడిచినది. 12వ తేదీన ఇంకా తెల్లవారకముందే, గాలివానలో, రైలుకట్ట తెగినది. నిద్రలో ఉన్న ఊరిమీదికి వెనుకనుండి నీరు వచ్చినది.

ఆనాటికి సెగెడ్‌లో సుమారు 5,700 ఇళ్ళున్నవి. నీరు తీసిన తరువాత నిలిచినవి 265 మాత్రమే. నూటయాభైమందికి పైగా మరణించినారు. వేలమంది నిలువనీడ లేనివారైనారు. నీరు పూర్తిగా పోవడానికి నెలలు పట్టినది.

అన్ని ఇళ్ళు ఎందుకు కూలిపోయినవి? నీటి తాకిడి ఒక్కటే కారణము కాదు. వాటిలో చాలభాగము పచ్చి ఇటుక గోడలవి. పచ్చి ఇటుకలో మట్టికణాలు ఎండినందువలన మాత్రమే అంటుకొని ఉంటవి. మరల నీరు తగిలితే ఆ పట్టు విడిపోయి, గోడ బురదగా జారిపోతుంది. అదే ఇటుకను బట్టీలో కాల్చినప్పుడు వేరొక మార్పు జరుగుతుంది. సుమారు 500, 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో మట్టి ఖనిజములలో బంధింపబడి ఉన్న నీరు కూడ వెళ్ళిపోతుంది. ఇంకా వేడి ఎక్కినకొద్దీ కణాలు ఒకదానితో ఒకటి అతుకుకొంటవి. ఆ తరువాత ఆ ఇటుకను ఎంతకాలము నానవేసినా తిరిగి మట్టి కాదు. ఒకటి భౌతికమైన మార్పు, రెండవది రసాయనికమైన మార్పు. తరగతిగదిలో చెప్పుకొనే ఈ భేదము ఆ రాత్రి సెగెడ్‌లో వేలకొలది కుటుంబాలకు ఇల్లు ఉండుటకూ, లేకపోవుటకూ గల భేదమైనది.

కొత్త నగరము

కొద్ది రోజులకే చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పడవపై వచ్చి నగరాన్ని చూచినాడు. ఊరు మునుపటికంటె అందముగా లేస్తుందని ఆయన మాట ఇచ్చినట్లు సెగెడ్‌వాసులు నేటికీ చెప్పుకొంటారు. పునర్నిర్మాణానికి తిసా లాయోష్ అనే అధికారిని నియమించినారు. నదికీ, ఆయన ఇంటిపేరుకూ ఒకే మాట కావడము కేవలము కాకతాళీయము. నగరపు నమూనా గీచినవాడు లెహ్నర్ లాయోష్ అనే ఇంజనీరు.

ఆ నమూనా సాలెగూడువంటిది. నది ఒడ్డును ఆనుకొని, ఒకదాని వెలుపల ఒకటిగా రెండు అర్ధచంద్రాకారపు పెద్దవీధులు. మధ్యనుండి బయటికి ఆకులవలె సాగే బాటలు. నగరము నడుమ నేలను మట్టి పోసి ఎత్తు చేసినారు. నగరము చుట్టూ కొత్త కట్ట పోసినారు. లోపలి వలయవీధికి తిసా లాయోష్ పేరు పెట్టినారు. వెలుపలి వలయవీధిలోని భాగాలకు రోము, బ్రస్సెల్సు, పారిస్, లండను, వియన్నా, బెర్లిను, మాస్కో పేర్లు పెట్టినారు. ఆపదలో సహాయము పంపిన నగరాలకు అది కృతజ్ఞత. 1883 నాటికి కొత్త నగరము చాలవరకు లేచి నిలిచినది.

ఈ కొత్త వీధులవెంట వరుసగా లేచినవే సెగెడ్ ‘పలొత’లు. ఈ మాటకు మనము ‘ప్యాలెస్’ అని అర్థము చెప్పుకొంటే పొరబడతాము. హంగరీ నగరాలలో ‘పలొత’ రాజుగారి కోట కాదు. వీధి మూలమీద గాని, వీధిముఖముగా గాని కట్టిన పెద్ద మేడ. సాధారణముగా ఇట్టి మేడలో వీధివైపు నేల అంతస్తులో దుకాణాలు, పై అంతస్తులలో నివాసాలు ఉంటవి. యజమాని ఒక భాగములో ఉండి, మిగిలినవి అద్దెకిస్తాడు. నడుమ మన మండువా లోగిలివలె ఆకాశము కనిపించే ఆవరణ ఉంటుంది. కనుక అలంకారము అంతటికీ స్థానము రెండే: వీధికి కనిపించే ముఖము, అందరూ ఎక్కిదిగే మెట్లు.

గీత వంగినది

పునర్నిర్మాణపు తొలినాళ్ళలో ఆ ముఖాలు పాత శైలులలోనే ఉన్నవి. ఇటలీ భవనాల స్తంభాలు, కమానులు, త్రికోణపు కిటికీ శిరస్సులు తెచ్చి అతికించేవారు. వరద గడిచి పాతికేళ్ళు కావచ్చేసరికి యూరప్ అంతటా దీనిపై విసుగు పుట్టినది. బ్రస్సెల్సులో విక్టర్ హోర్తా 1893లో మొదలుపెట్టిన ఇంటిలో ఇనుమును తీగవలె వంచి చూపినాడు. 1897లో వియన్నాలో కొందరు కళాకారులు పాత సంఘమునుండి విడిపోయి ‘సెసెషన్’ అనే కొత్త సంఘము పెట్టుకొన్నారు. ‘సెసెషన్’ అనగా విడిపోవుట. హంగరీలో ఈ కొత్త శైలికి అదే పేరు నిలిచినది.

ఈ శైలివారి ముఖ్యసూత్రము ఇది: అలంకారము పాతపుస్తకాలనుండి కాదు, ప్రకృతినుండి రావలెను. కాడ, ఆకు, మొగ్గ, అల, తేనెటీగ—వీటిలో ఎక్కడా రూళ్ళకర్రతో గీచిన గీత లేదు. కనుక భవనములో కూడ గీత వంగవలెను. రెండవ సూత్రము: గోడకు ఒక శిల్పము, కిటికీకి ఒక శిల్పము, మెట్లకు ఒక శిల్పము అని వేరువేరుగా కాక, తలుపు పిడి మొదలు కప్పు అంచువరకు ఒకే ఊహ ప్రసరింపవలెను.

హంగరీలో ఈ శైలి రెండు పాయలుగా నడిచినది. బుడాపెస్టులో లెహ్నర్ ఎడెన్ పల్లెప్రజల కుట్టుపనులలోని పూలను, రంగులను మెరుగు పలకలపైకి ఎక్కించి, దేశీయశైలి ఒకటి నిర్మించ చూచినాడు. సెగెడ్ నమూనా గీచిన లెహ్నర్ వేరు, ఈయన వేరు. రెండవ పాయ పారిస్, బ్రస్సెల్సువారి తీగగీతలకు దగ్గరది. సెగెడ్‌లో ఈ రెండవ పాయను పతాకస్థాయికి తెచ్చినవాడు మాగ్యార్ ఎడె.

ఆయన 1877లో ఒరోషహాజా అనే పట్టణములో పుట్టినాడు. రెయొక్ భవనము పూర్తి అయ్యేనాటికి ఆయన వయస్సు ముప్పది సంవత్సరాలు. తరువాత సెగెడ్‌లోనే ఉంగార్-మాయెర్ భవనమును, కపోష్‌వార్ నగరములో నాటకశాలను నిర్మించినాడు. 1912లో, ముప్పది అయిదేళ్ళకే, ఆయన జీవితము ముగిసినది.

భవనము చూద్దాము

లోపలి వలయవీధీ, కెల్చెయి వీధీ కలిసే మూలమీద రెయొక్ భవనము ఉన్నది. మూలను లంబకోణముగా కోయక, గుండ్రముగా తిప్పినారు. రెండు వీధులలోని ముఖాలు అందువలన రెండు గోడలుగా కాక, మలుపు తిరిగిన ఒకే ప్రవాహమువలె కనిపిస్తవి. గోడ బల్లపరుపుగా లేదు. ముందుకు పొంగుతూ, వెనుకకు ఒదుగుతూ పోతుంది. బాల్కనీలు గోడకు తగిలించినట్లుగా కాక, గోడలోనుండి ఉబ్బి వచ్చినట్లుంటవి. కప్పు అంచు కూడ తిన్నని గీత కాదు. అలవలె లేచి దిగుతుంది.

లేతవన్నె గోడమీద, పైభాగములో, నీలమూ ఊదా కలిసిన రంగులో పూలగుత్తులున్నవి. వాటి పచ్చని కాడలు పొడుగుగా క్రిందికి జారుతవి. నీటిలో కలువకాడ అడుగునుండి పైకి రావడము చూచినవారికి ఈ అమరిక వెంటనే తెలుస్తుంది: గోడ అంతా నీరు, పూలు నీటి ఉపరితలము మీద. కాడల అడుగున ఉన్న మనము, వీధిలో నిలిచి, నీటిలోపలినుండి పైకి చూస్తున్నాము.

ఇది వృక్షశాస్త్ర పుస్తకములోని బొమ్మ కాదు. రేకులు లెక్కించి ఇది ఫలానా జాతి అని చెప్పబోతే చిక్కు వస్తుంది. శిల్పి పూవును నకలు చేయలేదు. పూవులోని గీతను తీసుకొన్నాడు. అదే గీత బాల్కనీల ఇనుప కటకటాలలో ఆకుగా, తీగగా మారుతుంది. లోపలికి వెళ్ళితే మెట్లప్రక్క చేతిపట్టెలో మరల తీగయై పైకి ప్రాకుతుంది. సున్నము, ఇనుము, కొయ్య—పదార్థము మారుతుంది గాని గీత మారదు. సెసెషన్‌వారి రెండవ సూత్రము ఏమిటో దీనిని చూస్తే బోధపడుతుంది.

ఈ భవనాన్ని బార్సెలోనాలో గౌడీ కట్టిన ‘మిలా భవనము’తో చాలమంది పోలుస్తారు. దాని గోడలు కూడ అలలవలె ఉంటవి. అయితే గౌడీ భవనము 1906లో మొదలై 1912లో పూర్తి అయినది. రెయొక్ భవనము 1907లోనే పూర్తి అయినది. కనుక ఇది దానిని చూచి చేసినది కాదు. ఒకే కాలములో, రెండు దూరదేశాలలో, ఒకే ఊహ రెండు విధాల పూచినదనుట సమంజసము.

పూలు ఎట్లా చేస్తారు

ఇట్టి భవనాలలో గోడ అసలు భాగము కాల్చిన ఇటుకే. ఇటుక నలుపలకలది, దానికి వంపులు రావు. కనుక ఉబ్బెత్తు రావలసినచోట ఇటుకలను కొంచెము కొంచెము ముందుకు జరిపి పేర్చి, స్థూలమైన ఆకారము తెస్తారు. మిగిలిన వంపును గిలాబా ఇస్తుంది.

గిలాబాలోని తడిసున్నము కాల్షియమ్ హైడ్రాక్సైడు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చి కాల్షియమ్ కార్బొనేటుగా, అనగా తిరిగి సున్నపురాయిగా మారుతుంది. సున్నపురాయిని కాల్చి సున్నము చేస్తాము. గోడమీద అది మరల రాయి అవుతుంది. ఈ మార్పు నిదానముగా జరుగుట వలననే పనివానికి వంపులు తీర్చడానికి వ్యవధి దొరుకుతుంది.

ఒకే పూవు పలుమార్లు కావలసివస్తే అచ్చు చేస్తారు. మొదట మట్టితో ఒక పూవు మలచి, దానిమీద అచ్చు తీసి, ఆ అచ్చులో పోతపోసి, గోడకు బిగిస్తారు. ఇంటిలోపలి అలంకారానికి జిప్సమ్ చాల అనువైనది. జిప్సమ్‌ను సుమారు 150 డిగ్రీలవరకు వేడిచేస్తే దానిలోని నీటిలో నాలుగింట మూడువంతులు పోయి పొడి అవుతుంది. మరల నీరు కలిపితే నిమిషాలలో సూదులవంటి స్ఫటికాలు అల్లుకొని గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు కొంచెము వ్యాకోచిస్తుంది కనుక అచ్చులోని సన్నని గీతలు కూడ నిండుతవి. కాని జిప్సమ్ నీటిలో కొద్దిగా కరుగుతుంది. వానకు తడిసే వీధిముఖానికి అది పనికిరాదు; అక్కడ సున్నము, సిమెంటు కలిపిన గట్టి గార కావలెను.

ఇనుపపని వేరు. పోత ఇనుములో కర్బనము ఎక్కువ. సమ్మెట దెబ్బకు పగులుతుంది. తీగలు, ఆకులు చేయడానికి కర్బనము చాల తక్కువగా ఉన్న మెత్తని ఇనుము కావలెను. దానిని కొలిమిలో కాల్చి, ఎర్రగా ఉండగానే దాగలిమీద సాగగొట్టి వంచుతారు. రెయొక్ భవనపు కటకటాలలో ఆకు అంచు ముడుచుకొన్న తీరు చూస్తే, ఎదుట ఉన్నది ఇనుమని ఒక క్షణము మరచిపోతాము. వాటికి శత్రువు తుప్పు. రంగు పొర పగిలినచోట తేమ, ఆక్సిజను చేరుతవి. తుప్పు అసలు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, గోడలో దిగిన ఇనుము ఉబ్బి గార పగులుతుంది. ఇట్టి భవనాలను మరమ్మతు చేసేవారు మొదట వెతికేది ఈ పగుళ్ళనే.

తరువాతి కథ

ఈ భవనము రెండు ప్రపంచయుద్ధాలు చూచినది. యుద్ధానంతరము హంగరీలో పెద్ద అద్దె మేడలను 1952లో ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నది. అట్టి మేడలలో అందరిదీ అయిన ముఖము ఎవరిదీ కాకుండా పోయి, అలంకారము మసిబారి, రాలిపోవడము సాధారణమైనది. రెయొక్ భవనము అదృష్టము మంచిది. దానిని జాగ్రత్తగా మరమ్మతు చేసి, నూరేళ్ళు నిండిన 2007లో కళాకేంద్రముగా తెరచినారు. ఒకప్పుడు కొన్ని కుటుంబాలు మాత్రమే ఎక్కిన మెట్లను ఇప్పుడు చిత్రప్రదర్శన చూడవచ్చిన పాఠశాల పిల్లలు ఎక్కవచ్చును. ఎదుటి ఖాళీస్థలానికి శిల్పి మాగ్యార్ ఎడె పేరు పెట్టినారు.

దానికి ఒక సంవత్సరము ముందు, 2006 ఏప్రిల్‌లో, తిసా మరల పొంగినది. 1879లో నగరాన్ని ముంచిననాడు కొలబద్ద మీద నీటిమట్టము 806 సెంటీమీటర్లు. 2006లో అది 1,009 సెంటీమీటర్లకు లేచినది. అనగా రెండు మీటర్లు ఎక్కువ. కొలబద్ద అంకె నది లోతు కాదు. ఒక స్థిరమైన గుర్తునుండి కొలిచిన ఎత్తు. నీరు అంత ఎత్తున నిలిచినా నగరము మునుగలేదు. కట్టలు నిలిచినవి. పని చేసినవారి పేర్లు ఎక్కడా వ్రాసి లేని ఆ మట్టికట్టల వెనుక, నీటిపూల భవనము పొడిగా నిలిచి ఉన్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. నీటివలన పాడైన ఊరిలో నీటిపూలు ఎందుకు? ఇవి యజమాని వృత్తిని తెలిపే గుర్తులని సాధారణముగా చెబుతారు. కుమ్మరికి చక్రము, సాలెవానికి కండె ఎట్లాగో, నీటి ఇంజనీరుకు అల అట్లాగు. కాని వీధిలో నడిచిపోయే సెగెడ్‌వాసులకు అంతకు మించిన అర్థము కూడ తోచి ఉండవలెను. నీరు ఒకనాడు వీరి గోడలను కరిగించినది. ఇరువది ఎనిమిదేళ్ళ తరువాత అదే నీరు కాల్చిన ఇటుక గోడమీద, కరగని గారలో, పూలై నిలిచినది. భయపడినదానిని అర్థము చేసికొని, అదుపులో పెట్టుకొన్న తరువాతనే మనిషి దానిని అందముగా చూడగలడు. మధ్యలో ఉన్నది లెక్క, కొలత, శ్రమ.

ఉపాధ్యాయులు విద్యార్థులను మీ ఊరిలోని ఒక పాతభవనము ఎదుట నిలిపి మూడు ప్రశ్నలు వేయవచ్చును: గోడ దేనితో కట్టినది? దానిమీది అలంకారము ఏ పదార్థము, ఎట్లా చేసినది? ఆ అలంకారానికీ ఆ ఊరి కథకూ సంబంధమేమిటి? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము రసాయనశాస్త్రమూ, భౌతికశాస్త్రమూ ఇస్తవి. మూడవదానికి ఊరిలోని పెద్దలను అడుగవలసి ఉంటుంది. మూడూ తెలిసిననాడే ఆ భవనాన్ని నిజముగా చూచినట్లు.